గోదావరి డెల్టా మీద మైక్రోలైట్ టైమ్ ట్రయల్: రూటు, తేదీ, రూల్సు ఎలా పెడదాం?

గూడెం గాలిపటం | ఆదివారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. మూడేళ్ళుగా మనసులో నలుగుతున్న మాట ఇవాళ ఇక్కడ పెడుతున్నాను. మన డెల్టా మీద మైక్రోలైట్ (ఒకరిద్దరు కూర్చునే తేలికపాటి చిన్న విమానం) పైలట్లకు ఒక టైమ్ ట్రయల్ పెట్టాలని. పది, పన్నెండు విమానాలు చాలు. అందరూ ఒకేసారి ఎగబడే రేసు కాదు. ఒక్కొక్కరూ విడిగా బయలుదేరాలి, గడియారంతోనే పోటీ.

నేను అనుకున్న రూటు: ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదలు, వశిష్ఠ పాయ వెంట అంతర్వేది వరకు, మళ్ళీ అదే దారిన వెనక్కి. తేదీ సంక్రాంతి వారం, ఎందుకంటే ఆ వారం ఊళ్ళన్నీ నిండుగా ఉంటాయి. హైదరాబాద్, బెంగళూరు నుంచి మనవాళ్ళు ఎలాగూ ఇళ్ళకు వస్తారు.

1988లో విజయ్‌పత్ సింఘానియా లండన్ నుంచి మన దేశానికి మైక్రోలైట్‌లో వచ్చారు. 2007లో మన వైమానిక దళం పైలట్లు ఇద్దరు మైక్రోలైట్‌లోనే ప్రపంచాన్ని చుట్టి వచ్చారు. రెక్కలకు గుడ్డ కట్టిన రాజహంస ఎక్స్-ఎయిర్ బెంగళూరులోనే తయారైంది. ఇంత చరిత్ర ఉండి మన గోదారి మీద ఒక్క పోటీ కూడా చూడలేకపోయానన్న బాధ నాది. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

వశిష్ఠ గట్టు | ఆదివారం, రాత్రి 9.40

అన్నయ్యా, చదువుతుంటేనే ఒళ్ళు పులకరించింది. నేను పైలట్‌ని కాదు, కానీ ఏ పని చెప్పినా చేస్తాను. ఎక్కడి నుంచి ఎగురుతారు మరి? రాజమండ్రి ఎయిర్‌పోర్టు, మధురపూడి నుంచేనా?

పాత టవర్ | ఆదివారం, రాత్రి 10.25

ఏటీసీలో, అంటే విమానాల రాకపోకలు నడిపే టవర్లో, చాలా ఏళ్ళు పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. ఉత్సాహం మీద నీళ్ళు చల్లడానికి రాయడం లేదు, ఈ పోటీ జరగాలనే రాస్తున్నాను.

మధురపూడిలో ప్రయాణికుల విమానాలు వచ్చిపోతుంటాయి. వాటి మధ్య పన్నెండు మైక్రోలైట్లను ఒక్కొక్కటిగా వదలడం, మళ్ళీ ఒక్కొక్కటిగా దింపడం చాలా కష్టం. ధవళేశ్వరం కూడా ఆ ఎయిర్‌పోర్టుకు దగ్గరే. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది, డెల్టాకు దగ్గర. దాన్ని వాడాలంటే భూమి ఎవరి అధీనంలో ఉందో వాళ్ళ అనుమతి, జిల్లా కలెక్టరు, ఎస్పీ అనుమతులు కావాలి. ఇవన్నీ పేపరు మీద ముందే ఉండాలి.

గాల్లోకి లేవడానికి ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ నంబరు ప్రతి విమానానికీ విడివిడిగా తీసుకోవాలి. తూర్పు నౌకాదళం విశాఖలో ఉంది, కాబట్టి తీరం వెంట ఎగరడం అంటే రక్షణ శాఖ మాట కూడా వినాలి. కంటిచూపుతో ఎగిరేవాళ్ళకు రూలు తెలిసిందే: చూపు 5 కి.మీ. ఆనాలి, సూర్యోదయానికి 20 నిమిషాల ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాల వరకే. ఊళ్ళ మీద 1000 అడుగులకు, మిగతా చోట్ల 500 అడుగులకు తగ్గకూడదు.

2022 జూన్‌లో జాతీయ ఎయిర్ స్పోర్ట్స్ విధానం వచ్చింది, మైక్రోలైట్లు అందులో ఉన్నాయి. దరఖాస్తులో ఆ సంగతి రాయండి, కొంత బలం వస్తుంది. ఒకసారి ఇలాంటి కార్యక్రమానికే నేను కాగితాలు తయారుచేసి ఇచ్చాను. ఒక ఆఫీసులో నాలుగు నెలలు ఉంచుకుని, మ్యాప్‌లో అక్షాంశ రేఖాంశాలు లేవని తిప్పి పంపారు. సీజను దాటిపోయింది, పోటీ జరగలేదు. ఆ బాధ ఇంకా ఉంది. అందుకే చెబుతున్నా, కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టండి. కాగితం పని నేను చూస్తాను.

లంకరైతు | సోమవారం, ఉదయం 6.05

సంక్రాంతి వద్దండి బాబూ. భోగి రోజు తెల్లారేసరికి ఊరూరా మంటలే. ఆ పొగ, మంచు కలిసి గట్టు మీద నిలబడితే ఏటి అవతలి ఒడ్డు కనపడదు. ఎనిమిదిన్నర దాటితే గానీ మంచు విడవదు. పైగా పందేల బరులు, ప్రభల తీర్థాలు, గాలిపటాలు. పోలీసులు ఒక్కరు కూడా ఖాళీగా దొరకరండి ఆ మూడు రోజులూ.

ట్రైక్ బాబాయ్ | సోమవారం, ఉదయం 7.48

లంకరైతు గారు తేదీ సంగతి తేల్చేశారు. నేను రూటు, లెక్క సంగతి చెబుతాను.

తమ్ముడూ, వెళ్ళిన దారినే తిరిగి రావడం అంటే ఎదురెదురుగా రావడం. ముందు బయలుదేరినవాడు అంతర్వేది నుంచి వెనక్కి వస్తుంటే, వెనక బయలుదేరినవాడు అదే పాయ మీద అదే ఎత్తులో ఎదురొస్తాడు. పొద్దున్నే తూర్పు సూర్యుడు నీళ్ళ మీద పడి మెరుస్తుంటే ఎదుటి విమానం చివరి నిమిషం దాకా కనపడదు. ఇది ఒక్కటి చాలు ఆ రూటు వద్దనడానికి.

రెండోది గాలి. మామూలుగా అనుకుంటాం: వెళ్ళేటప్పుడు వెనక గాలి సాయం చేస్తుంది, వచ్చేటప్పుడు ఎదురుగాలి అడ్డుపడుతుంది, రెండూ కలిస్తే సరికి సరి అని. కాదు. 30 కి.మీ. వెళ్ళి 30 కి.మీ. రావాలి, గాలి గంటకు 20 కి.మీ. అనుకోండి. మీ ఎక్స్-ఎయిర్ వేగం 100. గాలి లేకపోతే 36 నిమిషాలు. గాలి ఉంటే వెళ్ళడానికి 15, రావడానికి 22న్నర, మొత్తం 37న్నర. నిమిషన్నర పోయింది. నా ట్రైక్ (రెక్క కింద మూడు చక్రాల బండి వేలాడే మైక్రోలైట్) వేగం 80. గాలి లేకపోతే 45 నిమిషాలు. ఉంటే 18, 30 కలిపి 48. మూడు నిమిషాలు పోయాయి. 160 కి.మీ. వేగంతో వెళ్ళే కొత్త ఫైబర్ విమానానికి పోయేది 21 సెకన్లే. అంటే అదే గాలి నెమ్మది బండిని ఎక్కువ దెబ్బతీస్తుంది. ఎవరెంత వేగమో ముందే లెక్కగట్టి కొందరికి టైము కలిపి ఇచ్చినా, గాలి మారితే ఆ లెక్క చెడిపోతుంది.

గూడెం గాలిపటం | సోమవారం, మధ్యాహ్నం 1.15

బాబాయ్ గారూ, ఎదురెదురు సంగతి నాకు తట్టనే లేదు. సిగ్గుగా ఉంది. చెప్పినందుకు చాలా థ్యాంక్స్.

బ్రిటన్‌లో 1922 నుంచి ఉన్న కింగ్స్ కప్ పద్ధతి నాకు నచ్చేది. నెమ్మది విమానాన్ని ముందు వదిలి, వేగం ఉన్నదాన్ని చివర వదులుతారు. లెక్క సరిగ్గా కుదిరితే అందరూ ముగింపు గీత దగ్గర ఒకేసారి కనపడతారు. జనానికి చూడముచ్చటగా ఉంటుంది. మనకు పనికొస్తుందా?

పాత టవర్ | సోమవారం, మధ్యాహ్నం 2.02

వద్దు. చూడముచ్చటగా ఉండేది అందరూ ఒకేచోట పోగవడం వల్లే, ప్రమాదం కూడా అక్కడే. టైమ్ ట్రయల్‌లో వేగం ఉన్నదాన్ని ముందు వదలాలి. అప్పుడు మధ్యలో దూరం పెరుగుతూనే పోతుంది, ఎవరూ ఎవర్నీ దాటే పని ఉండదు. అయిదు నిమిషాల తేడాతో వదలండి. అందరూ ఒకే రేడియో ఫ్రీక్వెన్సీలో ఉండాలి.

లెక్కల మాస్టారు | సోమవారం, సాయంత్రం 6.30

హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ట్రైక్ బాబాయ్ గారి లెక్క కాగితం మీద వేసి చూశాను, అక్షరాలా నిజం. రేపు పదో తరగతి పిల్లలకు ఇదే ఇస్తాను.

నాకొక ఆలోచన. ఎవరు తొందరగా వచ్చారని కాకుండా, ఎవరు చెప్పిన టైముకు వచ్చారని చూస్తే? పొద్దున గాలి చూసుకుని, బయలుదేరే ముందు పైలట్ ఒక కాగితం మీద “నేను ఈ వంతెన మీదికి ఇన్ని నిమిషాల ఇన్ని సెకన్లకు వస్తాను” అని రాసి కవరులో పెట్టి ఇవ్వాలి. ముందొచ్చినా, ఆలస్యంగా వచ్చినా సెకనుకు ఒక పాయింటు కోత. అప్పుడు 80 కి.మీ. బండికీ, 160 కి.మీ. బండికీ తేడా ఉండదు. గాలిని ఎవరు బాగా చదివారన్నదే పోటీ.

ట్రైక్ బాబాయ్ | సోమవారం, సాయంత్రం 6.52

మాస్టారూ, అంతర్జాతీయ మైక్రోలైట్ పోటీల్లో ఇలాంటి పరీక్షే ఉంటుంది. వెళ్ళిన దారి, ఎత్తు, టైము నమోదు చేసే జీపీఎస్ లాగర్లకు సీలు వేసి ఇస్తారు. ముందే టైము చెప్పి ఆ టైముకు ఆ చోటు దాటాలి. మీకు ఎవరూ చెప్పకుండానే తట్టింది.

నరసాపురం కుర్రోడు | సోమవారం, రాత్రి 8.10

క్షమించాలి, నాకు నచ్చలేదు. రేసు అంటే వేగం ఉండాలి కదండీ. మా ఊరి రేవులో నిలబడి చూసే జనానికి ఎవరు గెలిచారో కంటికి కనపడాలి. కవరులో కాగితం చూసి సాయంత్రం చెబితే ఎవరు చప్పట్లు కొడతారు? నేను లైసెన్సు తీసుకున్నది ఎగరడం నేర్చుకుని ఎంత దూరం, ఎంత వేగం వెళ్ళగలనో చూసుకోవాలనే. చించినాడ వంతెన దగ్గర ఒక పిల్లరు చుట్టూ తిరగాలని పెట్టండి. ఎవరు దగ్గరగా తిప్పితే వాళ్ళకు సెకన్లు కలిసొస్తాయి. అదీ పోటీ.

ట్రైక్ బాబాయ్ | సోమవారం, రాత్రి 9.35

బాబూ, నీ వయసులో నేనూ అలాగే అనేవాణ్ణి. నీ కోరిక తప్పు కాదు. పిల్లరు చుట్టూ తిరగడం మాత్రం తప్పు, ఎందుకో చెబుతాను.

100 కి.మీ. వేగంలో రెక్కను 60 డిగ్రీలు వాల్చితే దాదాపు 45 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతావు. నిజమే, బిగుతుగా ఉంటుంది. కానీ అప్పుడు రెక్క మోయాల్సిన బరువు రెట్టింపు. తిన్నగా ఉన్నప్పుడు 60 దగ్గర స్టాల్ అయ్యే (రెక్క ఇక బరువు మోయలేక పడిపోయే) బండి, ఆ వాలులో 85 దగ్గరే స్టాల్ అవుతుంది. సెకను కోసం కాస్త కంట్రోల్ స్టిక్ వెనక్కి లాగావంటే, వేగం 100 నుంచి 85కి రావడానికి ఎంతసేపు? అయిదారు వందల అడుగుల ఎత్తులో అది జరిగితే సరిదిద్దుకునే ఎత్తు ఉండదు. వంతెన మీద లారీలు, ఆటోలు వెళ్తుంటాయి, అది కూడా ఆలోచించు.

ఇంకోటి. ఆరేళ్ళ కిందట, మార్చిలో, దొడ్డిపట్ల దాటాక వశిష్ఠ మీద నా ఇంజను ఒక్కసారి వణికింది. రెండు సిలిండర్లలో ఒకటి పడిపోయింది. 900 అడుగుల్లో ఉన్నాను. ఎడమ పక్క కొబ్బరితోట, కుడి పక్క చెరువులు, ఒకదాని పక్కన ఒకటి అద్దాలు పరిచినట్టు. ఎత్తు నిలవడం లేదు. ముందు ఒక ఇసుక దిబ్బ కనపడింది. తెల్లగా ఉన్నచోట మెత్తని ఇసుక, చక్రం దిగబడుతుంది. నీటి అంచున తడిసి నల్లగా ఉన్నచోట గట్టిగా ఉంటుంది. ఆ నల్లటి పట్టీ మీదే దింపాను. ఆఖర్న ముందు చక్రం కూరుకుపోయి బండి ఆగింది. గేదెలు కాసే పిల్లలిద్దరు పరిగెత్తుకొచ్చి సీసాతో నీళ్ళిచ్చారు. చేతులు వణుకుతుంటే మూత తీయలేకపోయాను, వాళ్ళే తీసిపెట్టారు. తర్వాత కార్బురేటర్ గిన్నె విప్పితే అడుగున శనగగింజంత నీటిబొట్టు. అంతే కారణం.

ఆ రోజు నుంచి నేను ఎక్కడికి ఎగరాలన్నా ముందు కింద చూస్తాను. ఎక్కడ దిగగలను అన్నదే నాకు రూటు. ఈ పోటీకీ అదే పద్ధతి పెట్టమని నా ప్రార్థన.

వశిష్ఠ గట్టు | సోమవారం, రాత్రి 9.58

బాబాయ్ గారూ, చదువుతుంటే గుండె ఆగినంత పనైంది.

పెట్రోలు బంకు పక్కన | మంగళవారం, ఉదయం 7.20

ఆ నీటిబొట్టు గురించి. మైక్రోలైట్లలో వాడే రోటాక్స్ 912 ఇంజన్లకు తయారీదారు ఒప్పుకున్నది 10 శాతం ఇథనాల్ వరకే. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం కలిపినది. ఇథనాల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది, మన తీరంలో తేమకు కొదవ లేదు. రెండు వారాలు క్యాన్‌లో నిల్వ ఉంచిన పెట్రోలు పోసుకుని ఎగరకండి. విమానాల కోసం అమ్మే అవ్‌గ్యాస్ తెప్పించి అందరికీ ఒకే డ్రమ్ము నుంచి పోయండి. దాంట్లో సీసం ఉంటుంది, ఆయిల్ తొందరగా మార్చుకోవాలి, కానీ ఒక్క రోజు పోటీకి అది సమస్య కాదు. పోసే ముందు గాజు సీసాలో పట్టి అడుగున నీరుందేమో చూడాలి.

లంకరైతు | మంగళవారం, ఉదయం 8.45

దిగే చోటు గురించి మాట్లాడుతున్నారు గనక, నేల సంగతి నేను చెప్తానండి.

ఫిబ్రవరి, మార్చిలో ఇసుక దిబ్బలు బాగా బయటపడతాయి నిజమే. కానీ గట్టు ఇవతల దాళ్వా (రబీ) వరి నిలబడి ఉంటుంది, మడి నిండా నీళ్ళు. అందులో చక్రం ఆనగానే బండి ముక్కు మీద పడుతుంది. పైగా పంట తొక్కితే రైతు ఊరుకోడు, ఊరుకోనక్కర్లేదు కూడా. లంకల్లో అరటి, కూరగాయలు ఉంటాయి. చెరువుల మీద పిట్టలు రాకుండా అడ్డంగా తాళ్ళు కడతారు, పైనుంచి కనపడవండి. 2002లో లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారి హెలికాప్టరు కైకలూరు దగ్గర పడింది చేపల చెరువులోనే కదా. మాకు ఇంకా మర్చిపోయే సంగతి కాదు.

నన్నడిగితే ఏప్రిల్ ఆఖరు. దాళ్వా కోతలు అయిపోతాయి, కాలువలు కట్టేస్తారు, మడి ఎండి గట్టి పడుతుంది. ఇసుక దిబ్బలు అప్పటికీ ఉంటాయి. మంచు ఉండదు. పిల్లల పరీక్షలు కూడా అయిపోతాయి. తెల్లారి ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి ముగించండి. తర్వాత వేడెక్కి గాలి ఎగదన్నుతుంది, ఆపైన సముద్రపు గాలి వస్తుంది. ఒక్కటే ఇబ్బంది, కొందరు గడ్డి తగలబెడతారు. ముందు రోజు సాయంత్రం ఎవరూ నిప్పు పెట్టకుండా ఊళ్ళల్లో నేను మాట్లాడతాను.

గట్టు మీద నా అరెకరం ఉంది, తూర్పు నుంచి పడమరకి పొడవు. తీగలు లేవు. అందులో దిగొచ్చు.

కోరంగి కొంగ | మంగళవారం, మధ్యాహ్నం 12.10

పక్షులు, తాబేళ్ళ కోసం ఒక్క మాట. అంతర్వేది తీరం వెంట జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి, ఏప్రిల్‌లో పిల్లలు బయటికొస్తాయి. బీచ్ దగ్గరికి జనాన్ని పోగుచేయకండి. రూటు చించినాడ దగ్గరే ఆపేస్తే చాలా సంతోషం. కోరంగి మడ అడవులు, కొల్లేరు వైపు అసలు వద్దు. కోతమిషన్ల వెనక కొంగలు వందల్లో వాలతాయి, కోత జరిగే చోటు మీదుగా తక్కువ ఎత్తులో వెళ్ళకండి. చెరువుల మీద గద్దలు పైకి తిరుగుతూనే ఉంటాయి.

పంటు సరంగు | మంగళవారం, మధ్యాహ్నం 3.33

నరసాపురం, సఖినేటిపల్లి మధ్య ఏరు దాటించే పంటు మీద పనిచేశాను. నీళ్ళలో పడితే తీయడానికి మూడు ఇంజను పడవలు కావాలి: సిద్ధాంతం ఊరి దగ్గర ఒకటి, దొడ్డిపట్ల దగ్గర ఒకటి, చించినాడ దగ్గర ఒకటి. ఈతగాళ్ళను నేను తెస్తాను. 2019లో కచ్చులూరు పడవ ప్రమాదం తర్వాత లైఫ్ జాకెట్ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. వేసుకోకపోతే ఎగరనివ్వకండి.

ట్రైక్ బాబాయ్ | మంగళవారం, సాయంత్రం 5.05

సరంగు గారూ, చేతులెత్తి దండం. ఒకటి కలుపుతాను. ట్రైక్ నీళ్ళలో పడితే రెక్క పైన కప్పేస్తుంది, బెల్టు విప్పుకోవడం కష్టం. బెల్టు కోసే కత్తి ప్రతి పైలట్ భుజానికీ ఉండాలి. గాలి నింపుకునే జాకెట్ అయితే, బయటికొచ్చాకే నింపుకోవాలి. ఈతగాళ్ళకు ముందు రోజు నిజమైన ట్రైక్ చూపించి, బెల్టు ఎక్కడుందో, ఎలా విప్పాలో చేయించి చూపిస్తాను.

నరసాపురం కుర్రోడు | మంగళవారం, రాత్రి 9.20

బాబాయ్ గారూ, రాత్రంతా మీ ఇసుక దిబ్బ గురించే ఆలోచించాను. పిల్లరు మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ వేగం పూర్తిగా తీసేయకండి. సిద్ధాంతం నుంచి చించినాడ దాకా ఒక్క దిశలో, ఎత్తులో, మలుపుల్లేకుండా ఎవరెంత టైములో వెళ్ళారో చూసి, ఒక్కో రకం విమానానికి ఒక చిన్న బహుమతి ఇవ్వొచ్చు కదా. ప్రధాన బహుమతి మాస్టారి కవరుకే ఇవ్వండి.

ట్రైక్ బాబాయ్ | మంగళవారం, రాత్రి 9.41

ఎత్తు 1500 అడుగులకు తగ్గితే పోటీ నుంచి తీసేస్తామంటే నాకు సమ్మతమే. లాగర్‌లో అంతా కనపడుతుంది. ఇంజను ఆగితే నా బండి ఎత్తుకు ఏడు రెట్ల దూరం జారుతుంది. 1500 అడుగులంటే సుమారు 450 మీటర్లు, అంటే మూడు కి.మీ. చిల్లర. మలుపులకు, గాలికి సగం తీసేసినా కిలోమీటరున్నర మిగులుతుంది. కాబట్టి రూటులో ప్రతి చోటా కిలోమీటరున్నర లోపు దిగే జాగా ఉండాలి. లేని చోట రూటు జరపాలి.

గూడెం గాలిపటం | బుధవారం, ఉదయం 6.50

మీరందరూ చెప్పినవి రాసుకుని కూర్చుంటే, నేను మొదట రాసినదాంట్లో మిగిలింది వశిష్ఠ గోదారి ఒక్కటే. అదే నాకు కావాల్సింది.

గూడెం రన్‌వే నుంచి లేచి సిద్ధాంతం వంతెన దాకా టైము లెక్కలోకి రాదు. అక్కడ గాల్లోనే ఒక వెడల్పాటి గీత, అది దాటినప్పటి నుంచి గడియారం మొదలు. పాయ వెంట కిందికి, 1500 అడుగుల పైన, చించినాడ దగ్గర రెండో గీతతో ముగింపు. తిరుగు దారి టైము లేకుండా, 2500 అడుగుల్లో, పడమర పక్క నాలుగైదు కి.మీ. జరిగి, ఎండిన చేల మీదుగా. నేను మొదట చించినాడ నుంచి గూడేనికి తిన్నగా గీత గీశాను. చూస్తే కిందంతా చెరువులే, అందుకే పెనుగొండ వైపు వంచాను. వేగం ఉన్నవి ముందు, అయిదు నిమిషాల తేడా. గ్యాస్ బావులు, పైపులైన్ల స్టేషన్లు మ్యాప్‌లో ఎర్రగా గుర్తు పెట్టి పక్కనుంచి వెళ్ళేలా చేస్తాను. 1995లో పాశర్లపూడి మంటలు చూసినవాళ్ళం, ఆ జాగ్రత్త ఎవరూ చెప్పక్కర్లేదు. తేదీ ఏప్రిల్ ఆఖరి ఆదివారం. గాలి గంటకు 20 కి.మీ. దాటినా, చూపు 5 కి.మీ. కంటే తగ్గినా వాయిదా. ఆ మాట పాత టవర్ గారే చెబుతారు, దానికి తిరుగు లేదు.

మిగిలిన పెద్ద పని దిగే జాగాలు వెతకడం. ఉపగ్రహం ఫోటోలో తాళ్ళు, తీగలు కనపడవు. మనిషి వెళ్ళి చూడాల్సిందే.

లంకరైతు | బుధవారం, ఉదయం 7.15

ఈ ఆదివారం పొద్దున్నే అయిదున్నరకి సిద్ధాంతం వంతెన కింద ఉంటాను, బండి మీద గట్టు వెంట చించినాడ దాకా వెళ్దాం. టేపు, సున్నం నేను తెస్తాను. టిఫిన్ మా ఇంట్లోనే.

నరసాపురం కుర్రోడు | బుధవారం, ఉదయం 7.19

నేను వస్తున్నానండి. అవతలి గట్టు నాది.

లెక్కల మాస్టారు | బుధవారం, ఉదయం 7.40

పదో తరగతి పిల్లలు ఇద్దరు వస్తామంటున్నారు, దూరాలు వాళ్ళే కొలుస్తారట. తీసుకురానా?

గూడెం గాలిపటం | బుధవారం, ఉదయం 7.42

తప్పకుండా తీసుకురండి మాస్టారూ. వాళ్ళకు రెండు లైఫ్ జాకెట్లు కూడా తెస్తున్నాను, దిబ్బల మీదికి పడవలో వెళ్ళాలి కదా.